ఆటిజం ఉన్న పిల్లాడికి థెరపీ సెంటర్ ఎలా ఎంచుకోవాలి?

మూడేళ్ల బాబుకి ఆటిజం అని తేలింది, బిహేవియర్ థెరపీ సెంటర్లు రెండు మూడు చూశాం, ఏది నమ్మాలో తెలియట్లేదు అన్నారు కదా. గోడల మీద బొమ్మలు చూసి మాత్రం నిర్ణయించుకోకండి. ముందు అడగాల్సింది, రోజూ బాబుతో కూర్చునేది ఎవరు, వాళ్ల పనిని చూసేది ఎవరు అని. ఏబీఏ (అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, అంటే నైపుణ్యాలని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పే బిహేవియర్ థెరపీ) పద్ధతిలో ప్రోగ్రాం రాసే బీసీబీఏ (సర్టిఫికెట్ ఉన్న బిహేవియర్ అనలిస్ట్) వేరు, దాన్ని గదిలో బాబుతో చేయించే టెక్నీషియన్ వేరు. ఆ టెక్నీషియన్‌కి ఉండే ఆర్‌బీటీ (రిజిస్టర్డ్ బిహేవియర్ టెక్నీషియన్) సర్టిఫికెట్‌కి శిక్షణ 40 గంటలే, కాబట్టి పైవాళ్లు తరచూ వచ్చి చూడకపోతే డబ్బుతో పాటు పిల్లాడి టైమ్ కూడా వృథా.

ఒక సెషన్ చూస్తామని అడగండి. బాబు చెవులు మూసుకుని టేబుల్ కిందకి దూరాడనుకోండి, చెయ్యి పట్టి లాగి కుర్చీలో కూర్చోబెడుతున్నారా, లేక ఫ్యాన్ చప్పుడు పడట్లేదా, ఇచ్చిన పని కష్టంగా ఉందా అని ఒక్క క్షణం ఆగి చూస్తున్నారా? నాకైతే ఆ ఒక్క నిమిషం చాలు. తల్లిదండ్రులు లోపలికి రాకూడదంటే ఆ సెంటర్ వద్దు.

వారానికి 40 గంటల థెరపీ తప్పనిసరి అని టెన్షన్ పెడతారు. ఆ అంకె ప్రచారంలోకి వచ్చింది 1987లో లోవాస్ అనే అమెరికా సైకాలజిస్ట్ ప్రచురించిన అధ్యయనంతో (అందులో పిల్లల తొడ మీద కొట్టడం కూడా ఉంది, అది ఎవరూ చెప్పరు), అందరు పిల్లలకీ అదే కొలత కాదు.

లక్ష్యాలు కాగితం మీద రాసిమ్మనండి. 'చేతులు ఊపడం మాన్పించడం' కంటే 'దాహమేస్తే మాటతోనో బొమ్మ కార్డుతోనో అడగడం' ముందుండాలి. పూర్తిగా నయం చేస్తామని గ్యారంటీ ఇస్తే లేచి వచ్చేయండి.