యువ రచయితకు లేఖ: కారు దిగి రాయి

తమ్ముడూ,

ఇటలీలో జరిగిన మిల్లె మిలియా కార్ల రేసు చరిత్ర మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చాలా కష్టపడ్డావు, ప్రతి పేరాలో తెలుస్తోంది. కానీ మొదటి నుంచి చివరిదాకా నువ్వు కారులోనే కూర్చున్నావు. ఒక్కసారి కిందికి దిగు.

ఆ రేసు జరిగింది రోజూ జనం నడిచే రోడ్డు మీద. బ్రెషా అనే ఊరి నుంచి రోమ్ వెళ్లి మళ్లీ బ్రెషాకు, దాదాపు 1,600 కిలోమీటర్లు. అంటే వెయ్యి మైళ్లు, ఆ పేరుకు అర్థం కూడా అదే. కార్లు ఊళ్ల నడివీధుల్లోంచే దూసుకుపోయేవి. మనవాళ్లు తేరు వస్తుంటే అరుగులెక్కి చూసినట్టు అక్కడ జనం రోడ్డుకు ఆనుకుని నిలబడేవాళ్లు. పిల్లలు ఎప్పుడూ ముందుకే తోసుకొస్తారు కదా. నీ వ్యాసంలో ఈ జనమే లేరు.

1927లో రేసు ఎలా పుట్టిందో రెండు పేజీలు రాశావు, తగ్గించు. ఇటాలియన్ గ్రాండ్ ప్రి అనే పెద్ద కార్ల రేసు తమ ఊరి నుంచి మోంజాకు తరలిపోయిందని బ్రెషా వాళ్లకు కడుపు మండింది. నలుగురు మిత్రులు పూనుకుని ఈ పోటీ పెట్టారు. మొదటిసారి బ్రెషాలోనే తయారైన ఓ.ఎం. కంపెనీ కారు గెలిచింది. ఇంత చాలు. గెలిచిన కారు సగటు వేగం గంటకు 77 కిలోమీటర్లన్న అంకె మాత్రం తీసేయకు. 1955లో గెలిచిన బ్రిటిష్ డ్రైవర్ స్టిర్లింగ్ మాస్ సగటు 157 దాటింది. వేగం రెండింతలైంది. ఇళ్ల గుమ్మాలు మాత్రం రోడ్డుకు దూరం జరగలేదు.

మాస్ పక్కన కూర్చున్న డెనిస్ జెన్కిన్సన్ గురించి ఇంకా రాయి. ఆయన పత్రికా రచయిత. రేసుకు ముందే ఇద్దరూ ఆ దారిలో తిరిగి చూశారు. ప్రతి మలుపునూ, ప్రతి గుంతనూ రాసుకున్న 18 అడుగుల కాగితపు చుట్టను ఆయన చిన్న డబ్బాలో తిప్పుకుంటూ, ఇంజన్ హోరులో మాట వినపడదు కాబట్టి చేతి సైగలతో మాస్‌కు చెప్పాడు. దారిలో వాంతి చేసుకుంటూ కళ్లజోడు పోగొట్టుకున్నాడు. జేబులో ఇంకొకటి ఉంది! 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో రేసు ముగిసింది. నాకు మాస్ కంటే ఈయనే ఎక్కువ ఇష్టం.

1938లో బొలోన్యాలో ఒక కారు జనం మీదికి దూసుకెళ్లి 10 మంది చనిపోయారు. వాళ్లలో ఏడుగురు పిల్లలు. ప్రభుత్వం రేసును ఆపేసింది. రోమ్ దాకా వెళ్లే రేసు యుద్ధం అయ్యాక 1947లో మళ్లీ మొదలైంది. దీనికి నువ్వు ఒక్క వాక్యం ఇచ్చావు. అంత జరిగాక కూడా ఆ రోడ్ల మీదికే ఎందుకు తిరిగొచ్చారో ఆలోచించి రాయి.

ఇక 1957, మే 12. గుయిడిజోలో అనే ఊరి దగ్గర జరిగిన ప్రమాదం గురించి 'విధి వక్రించింది' అన్నావు. కొట్టేయి. నేను కుర్ర విలేకరిగా ఉన్నప్పుడు ఒక లారీ ప్రమాదం గురించి అలాగే రాశాను. కొడుకును పోగొట్టుకున్న తల్లి నన్ను అడిగింది, "బ్రేకులు పడలేదని రాయలేదేం బాబూ?" ఆ రోజు నుంచి ఆ మాట నా కలంలోంచి రాలేదు.

ఆ రోజు డ్రైవర్ అల్ఫోన్సో డి పోర్టాగో నడిపిన ఫెరారీ మీద 531 అని ఉంది. తెల్లవారుజామున 5:31కి బయల్దేరిందని దాని అర్థం. బ్రెషా ఇంకెంతో దూరం లేదనగా టైరు పేలింది. ఆయన, పక్కనున్న ఎడ్మండ్ నెల్సన్, చూస్తున్నవాళ్లలో 9 మంది పోయారు, వాళ్లలో అయిదుగురు పిల్లలు. టైరు కంపెనీ మీద, కారు కంపెనీ అధినేత ఎంజో ఫెరారీ మీద కేసు నడిచింది. 1961లో నిర్దోషులని తేలింది. పబ్లిక్ రోడ్ల మీద ఆ వేగపు పందెం అక్కడితో ఆగిపోయింది.

రోమ్‌లో ప్రేయసి పోర్టాగోను ముద్దు పెట్టుకున్న ఫొటోతో వ్యాసం ముగించావు. అందరూ దాంతోనే ముగిస్తారు. నువ్వు గుయిడిజోలో దగ్గరి ఆ తిన్నని రోడ్డు పక్కన, పిల్లల దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. రాసి పంపు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య