ఇంట్లో ఎలక్ట్రిక్ గిటార్: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: నా దగ్గర మూడు సింగిల్ కాయిల్ పికప్‌లున్న స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్ ఉంది. ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్ శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే పెట్టె) ద్వారా ల్యాప్‌టాప్‌కు కలిపి రికార్డు చేస్తుంటే వెనక ఎప్పుడూ గుయ్‌మని మోత వినిపిస్తోంది. తీగల మీద చెయ్యి వేస్తే కొంత తగ్గుతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు భరించలేనంతగా పెరుగుతుంది. పికప్‌లు మార్చాలా, నాయిస్ గేట్ కొనాలా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: ఇప్పుడప్పుడే రెండూ అక్కరలేదు. సింగిల్ కాయిల్ పికప్‌లో అయస్కాంతాల చుట్టూ సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. అది గిటార్ తీగ కంపనాన్ని పట్టుకున్నట్టే, ఇంటి వైరింగులో పారే 50 హెర్ట్జ్ విద్యుత్తు చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రాన్నీ పట్టుకుంటుంది. ఈ బాధ తప్పించడానికే గిబ్సన్ సంస్థలో పనిచేసిన సెత్ లవర్ 1955లో హంబకర్‌ను రూపొందించి పేటెంటుకు దరఖాస్తు చేశారు. అందులో రెండు కాయిల్స్‌ను ఎదురెదురు దిశల్లో కలిపి, అయస్కాంత ధ్రువాలను కూడా తారుమారు చేస్తారు కాబట్టి మోత రెండు వైపుల నుంచీ వచ్చి రద్దయిపోతుంది, తీగ స్వరం మాత్రం కలిసి బలపడుతుంది. మీ గిటార్‌లోని 5 స్థానాల స్విచ్‌ను 2లో గానీ 4లో గానీ పెట్టి చూడండి. ఈ కాలపు గిటార్లలో చాలావాటికి మధ్య పికప్‌ను తిరగదిప్పి చుడతారు గనుక ఆ రెండు స్థానాల్లో మోత దాదాపు మాయమవుతుంది.

తీగలను తాకగానే మోత తగ్గడం లోపం కాదు. చుట్టూ ఉన్న విద్యుత్ అలజడిని మీ శరీరం ఏంటెన్నాలా పట్టుకుని పికప్‌ల దగ్గరికి తెస్తుంది. బ్రిడ్జి ద్వారా గ్రౌండుకు కలిసి ఉన్న తీగలను తాకినప్పుడు ఆ అలజడి అటు వెళ్లిపోతుంది. అంటే మీ గిటార్ లోపలి గ్రౌండ్ వైరు సవ్యంగానే ఉందని అర్థం. తాకినప్పుడు మోత పెరిగితేనే అనుమానించాలి.

ఇన్వర్టర్ సంగతి వేరు. చవక రకం ఇన్వర్టర్లు ఇచ్చేది నునుపైన సైన్ వేవ్ కాదు, పదునైన అంచులున్న చతురస్రపు తరంగం. ఆ అంచుల్లో 50 హెర్ట్జ్‌కు ఎన్నో రెట్ల పౌనఃపున్యాలు దాగి ఉంటాయి కాబట్టి మామూలు గుయ్‌మనే మోత అప్పుడు జివ్వుమనే రొదగా మారుతుంది. కరెంటు లేనప్పుడు ఛార్జర్ తీసేసి, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీదే నడిపి రికార్డు చేసుకోండి. ఇంటర్‌ఫేస్ యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే రకమైతే, ఇన్వర్టర్‌తో మీ పరికరాలకు తీగ ద్వారా సంబంధమే ఉండదు. మామూలు వేళల్లో కూడా ఇదే పరీక్ష చేయండి. ఛార్జర్ తీయగానే శబ్దం తగ్గితే దోషి ఛార్జరే. తర్వాత ఫ్యాను ఆపి వినండి, ఎందుకంటే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు విద్యుత్ తరంగాన్ని ముక్కలుగా కోసి వేగం తగ్గిస్తాయి, ఆ కోత పికప్‌లో చిటపటగా వినిపిస్తుంది. ఆపైన గిటార్ పట్టుకుని కూర్చున్నచోటే నెమ్మదిగా పక్కకు తిరగండి. ఏదో ఒక దిక్కున మోత సగానికి పైగా పడిపోతుంది. ఆ దిక్కున కూర్చుని రికార్డు చేయడం పైసా ఖర్చు లేని పరిష్కారం, పైగా నాయిస్ గేట్ కన్నా మెరుగైనది. గేట్ మీరు వాయించడం ఆపినప్పుడే మోతను మూసేస్తుంది, స్వరం కింద ఉన్న మోతను తీయలేదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. తీగలు తాకినప్పుడు వేళ్లకు జిలజిలమన్నా, మైకుకు పెదవి తగిలి చురుక్కుమన్నా వెంటనే ప్లగ్గు తీసేసి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. గిటార్ తీగలు నేరుగా యాంప్ (యాంప్లిఫయర్) గ్రౌండుకు కలిసి ఉంటాయి. ఎర్తింగ్ లేని ఇంట్లో యాంప్ లోపల తేడా వస్తే ఆ కరెంటుకు దారి మీ ఒళ్లే అవుతుంది. బొగ్గు, ఉప్పు వేసి తీసిన పాతకాలపు ఎర్త్ గుంత వేసవిలో ఎండిపోతే పనిచేయడం తగ్గుతుంది, దానికి నీళ్లు పోస్తూ ఉండాలి. మోత తగ్గుతుందని ఎవరు చెప్పినా సరే, త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్నును ఎప్పుడూ తీసేయకండి.

ప్రశ్న: హంబకర్ గిటార్‌ను ఇంటర్‌ఫేస్‌కు పెట్టి, యాంప్ సాఫ్ట్‌వేర్‌లో డిస్టార్షన్ వాడితే కందిరీగల తుట్టె కదిపినట్టు వినిపిస్తోంది. రాత్రి ఎంతో బాగుందనిపించిన టోన్ కూడా పొద్దున స్పీకర్లలో వింటే గుబగుబలాడుతోంది. ఉన్న గిటార్ అమ్మేసి మంచిది కొనమంటారా?
– ఒక విద్యార్థి, వరంగల్

సమాధానం: అమ్మవద్దు. మీరు చెప్పినవాటిలో గిటార్ తప్పు ఒక్కటీ కనిపించడం లేదు, కొత్తది కొన్నా ఇదే శబ్దం వస్తుంది.

మొదట ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌స్ట్రుమెంట్ అనే మీట నొక్కి ఉందో లేదో చూడండి. గిటార్ పికప్‌కు ఎదురుగా దాదాపు 10 లక్షల ఓముల ఇంపెడెన్స్ (విద్యుత్ సంకేతానికి ఎదురయ్యే అడ్డు) ఉన్న ఇన్‌పుట్ కావాలి. లైన్ ఇన్‌పుట్‌లో అది పది ఇరవై వేల ఓములే ఉంటుంది కాబట్టి పికప్ మీద భారం పడి ట్రెబుల్ మూగబోతుంది. ఆ మూగతనాన్ని సరిచేయాలని సాఫ్ట్‌వేర్‌లో ట్రెబుల్, గెయిన్ పెంచుకుంటూ పోయేవారు చాలామంది. గట్టిగా వాయించినప్పుడు మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు. 24 బిట్ రికార్డింగులో ఎరుపు దాకా తోయవలసిన అవసరమే లేదు.

కందిరీగల రొదకు అసలు కారణం చాలావరకు స్పీకర్ లేకపోవడం. గిటార్ యాంప్‌లోని 12 అంగుళాల స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక శబ్దాన్ని వేగంగా తగ్గించేస్తుంది. డిస్టార్షన్ పుట్టించే పదునైన పై పౌనఃపున్యాలను వడగట్టేది అదే. సాఫ్ట్‌వేర్‌లో యాంప్ ఒక్కటే పెట్టి క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) భాగాన్ని ఆపి ఉంచితే ఆ వడపోత జరగదు. క్యాబినెట్ సిమ్యులేషన్ గానీ, స్పీకర్ ఎదుట మైకు పెట్టి నమోదు చేసిన ఇంపల్స్ రెస్పాన్స్ గానీ తప్పనిసరిగా వేయండి. రెండూ ఒకేసారి వేస్తే మాత్రం ఒక స్పీకర్ శబ్దం మరో స్పీకర్ గుండా వెళ్లినట్టై బొంగురుపోతుంది. యాంప్ మోడల్ మార్చినప్పటికన్నా ఇంపల్స్ రెస్పాన్స్ మార్చినప్పుడే టోన్ ఎక్కువ మారుతుందని మీరే గమనిస్తారు. నిజమైన స్పీకర్ ముందు ఎస్‌ఎమ్ 57 మైకును మధ్య భాగం నుంచి అంచు వైపు రెండంగుళాలు జరిపినా అంతే, పదునైన స్వరం మెత్తబడుతుంది. టోన్ గురించి డబ్బు ఖర్చు పెట్టే ముందు గంటసేపు ఈ ఒక్క విషయం మీదే చెవి పెట్టమని నా మనవి.

రాత్రికీ పగటికీ తేడా ఎందుకంటే, తక్కువ శబ్దంలో మన చెవికి బేస్, ట్రెబుల్ రెండూ తక్కువగా వినిపిస్తాయి. బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపారు. పక్కింటివారికి వినిపించకూడదని సన్నగా పెట్టుకుని బేస్ పెంచితే, మర్నాడు పెద్దగా పెట్టినప్పుడు ఆ పెంచినదంతా ముంచుకొస్తుంది. టోన్‌ను మాటలు వినిపించేంత మధ్యస్థ శబ్దంలో నిర్ణయించి, రాత్రివేళను వాయించడానికే తప్ప టోన్ నిర్ణయించడానికి వాడకండి. గెయిన్‌ను చెవికి సరిపోయిన చోటు నుంచి ఇంకాస్త తగ్గించండి. ఒకే రిఫ్‌ను (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరగుచ్ఛాన్ని) రెండుసార్లు వేర్వేరుగా వాయించి ఎడమకొకటి, కుడికొకటి పెడితే కావలసిన నిండుదనం అక్కడ దొరుకుతుంది. ఒకసారి వాయించినదాన్నే కాపీ చేసి రెండువైపులా పెడితే శబ్దం పెరుగుతుంది గానీ విశాలం కాదు.

ప్రశ్న: మీటిన కాసేపటికి హెడ్‌ఫోన్‌లో వినిపిస్తోంది. కంప్యూటర్ మార్చాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: హెడ్‌ఫోన్ బ్లూటూత్ రకమైతే ముందు దాన్ని పక్కన పెట్టి తీగ ఉన్నది తీసుకోండి, మిగతా ఏం చేసినా అది ఉండగా ఆలస్యం పోదు. విండోస్ వాడుతుంటే ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఏషియో డ్రైవర్‌ను (సాఫ్ట్‌వేర్‌ను ఇంటర్‌ఫేస్‌తో నేరుగా కలిపేది) ఎంచుకుని, బఫర్‌ను (కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే శబ్దపు ముక్కను) 128 శాంపిల్స్‌కు దించండి. 48,000 హెర్ట్జ్ వద్ద 512 శాంపిల్స్ అంటే దాదాపు 10.7 మిల్లీసెకన్లు, 128 అంటే 2.7, లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి పడుతుంది కాబట్టి రెట్టింపు వేసుకోండి, డ్రైవర్ ఆలస్యం దానికి అదనం. గాలిలో శబ్దం మీటరు దూరానికి సుమారు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది గనుక, 10 మిల్లీసెకన్లంటే యాంప్‌కు మూడు మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టే, చేతికి అలవాటైపోతుంది. మిక్సింగ్ వేళ బఫర్‌ను మళ్లీ పెంచుకోవచ్చు.

ప్రశ్న: కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఎలక్ట్రిక్ గిటార్ మీద గమకాలు పలికించి రికార్డు చేయాలని ఉంది. ఎలాంటి ఏర్పాటు కావాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

సమాధానం: మీకు పొరుగునే ఉన్న పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ ఈ దారిని మాండలిన్ మీద చూపించి వెళ్లారు. జంట తీగల సంప్రదాయాన్ని వదిలి ఒంటి తీగలు అయిదింటితో ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించారు. తీగ ఒంటిగా, సాగేలా ఉంటేనే గమకం నిలుస్తుంది. ఆ లెక్కన 9 నుంచి 42 గేజ్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పే మందం) తీగలతో మొదలుపెట్టండి. 25.5 అంగుళాల స్కేలు (తీగలో మోగే భాగం పొడవు) కన్నా 24.75 అంగుళాల గిటార్‌లో అదే శ్రుతికి బిగువు తక్కువ కాబట్టి సాగదీయడం తేలిక. ఫింగర్‌బోర్డు మరీ గుండ్రంగా ఉంటే పై మెట్ల దగ్గర సాగదీసినప్పుడు స్వరం తెగిపోతుంది, 12 అంగుళాల వ్యాసార్ధం ఉన్న చదునైనది మేలు.

టోన్ విషయంలో నెక్ పికప్, స్వల్పంగా ఓవర్‌డ్రైవ్ (మెత్తని డిస్టార్షన్), దాని ముందు కొంచెం కంప్రెసర్ ఉంటే సరిపోతుంది. సుదీర్ఘమైన జారు మధ్యలో సన్నగిల్లకుండా కంప్రెసర్ నిలబెడుతుంది, కానీ ఎక్కువైతే మీటు బలం తెలియకుండా పోతుంది. తంబురాను ఎట్టి పరిస్థితుల్లోనూ గిటార్ వెళ్లే ఓవర్‌డ్రైవ్ గుండా పంపకండి. రెండు శబ్దాలు కలిసి వక్రీకరణకు లోనైనప్పుడు రెండింటిలోనూ లేని మూడో స్వరాలు పుట్టి శ్రుతిని చెడగొడతాయి. వేరే ట్రాకులో శుభ్రంగా ఉంచి, గిటార్ కన్నా బాగా తక్కువ స్థాయిలో పెట్టుకోండి. మీది సముద్రానికి దగ్గర ప్రాంతం గనుక వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగలను కిందివైపు కూడా తుడవండి. తుప్పు పట్టి గరుకెక్కిన తీగ మీద వేలు జారదు, జారు పలకదు.