మాత్ర లేకుండా తిండి, నడకతోనే షుగర్ అదుపులో ఉంటుందా?

మీ ఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ తీరు చెప్పే రక్తపరీక్ష) 7.4 వచ్చిందనీ, డాక్టర్ మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మొదలుపెట్టమన్నారనీ, అది వేసుకోకుండా నెట్టుకురాగలనా అనీ అడిగారు. కొందరికి కుదురుతుంది. కానీ మాత్ర మానడమే గురిగా పెట్టుకోకండి. నేను ఆ పొరపాటు చేశాను.

ఆరేళ్ల క్రితం నాది 8.1. మాత్ర వేసుకుంటూ మూడు నెలలు నోరు కట్టుకున్నాను. పరగడుపున 110 కనిపించగానే ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపేశాను. ఆ తర్వాత కూడా పొద్దున్న 125, 130 మధ్యే ఉండేది, పర్లేదులే అనుకున్నాను. తీరా ఏ1సీ చేయిస్తే 7.6. పరగడుపు అంకె ఆ ఒక్క పూట సంగతే చెబుతుంది. ఏ1సీ రెండు మూడు నెలల సగటు. తిన్న తర్వాత ఎంత ఎగబాకుతోందో నేను ఒక్కసారి కూడా చూసుకోలేదు.

అప్పట్నుంచి మళ్లీ మాత్ర వేసుకుంటూ, షుగర్ జతగా చూడటం మొదలుపెట్టాను. తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు మరోసారి. మొదటి రాత్రి ముందు 118, తర్వాత 226. నేను పొదుపుగా తిన్నాననుకున్న భోజనమే అది! మర్నాడు పిండిపదార్థం సగానికి తగ్గించి, ఆ చోట కూరగాయలు, గుడ్లు పెట్టుకున్నాను. ముందు అవి తిని, పిండిపదార్థం చివర్లో తిన్నాను. చేయి కడుక్కుని ఇరవై నిమిషాలు నడిచాను. రెండు గంటలకు వేలు గుచ్చి చూస్తే 152. ఆ అంకె చూసి నాకు నిజంగా కళ్లు చెమర్చాయి. మందుకు లొంగదేమో అనుకున్న జబ్బు నా పళ్లేనికి లొంగింది.

పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ కోసం ఆగకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. అందుకే నడక ఎప్పుడైనా మంచిదే అయినా, తిన్న వెంటనే నడిస్తే తేడా మీటర్‌లోనే కనబడుతుంది. వారానికి 150 నిమిషాలు తగ్గకుండా చూసుకోండి, వరుసగా రెండు రోజులు మించి మానొద్దు. వారానికి రెండు మూడుసార్లు కండరాలకు బరువు పని కూడా పెట్టండి. నేనైతే చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టాను. పండు తినండి, రసం మాత్రం వద్దు.

మీకు అధిక బరువుంటే అసలు కిటుకు అక్కడే ఉంది. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనం 2017లో వచ్చింది. జబ్బు బయటపడి ఆరేళ్లు దాటనివాళ్లనే తీసుకున్నారు. బరువు తగ్గించే పద్ధతిలో పెట్టినవాళ్లలో 46 శాతం మందికి ఏడాదికల్లా మందులు లేకుండానే ఏ1సీ 6.5 కన్నా దిగువకు వచ్చింది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవాళ్లలో అది 86 శాతం. అయితే వాళ్లు వైద్య పర్యవేక్షణలో మానారు, నాలా సొంతంగా కాదు. నేను తొమ్మిది కిలోలు తగ్గాను. ఇప్పుడు ఏ1సీ 6.3, మాత్ర మోతాదు సగమైంది. ఆ సగం వేసుకోవడానికి నాకు ఏ బాధా లేదు.

ఒక్క జాగ్రత్త. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ లాంటి వేరే షుగర్ మాత్రలో ఇన్సులినో తోడైతే మాత్రం తిండి తగ్గించే ముందే డాక్టర్‌కి చెప్పాలి. చెమటలు, వణుకు వచ్చి 70 కన్నా తగ్గితే వెంటనే 15 గ్రాముల చక్కెర తీసుకుని, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి.

ప్రస్తుతానికి మాత్ర మొదలుపెట్టండి. ఈ వారం రోజూ ఒక పూటకి జత అంకెలు, ఏం తిన్నారో, ఎంత నడిచారో ఒక కాగితం మీద రాయండి. తర్వాతిసారి అది డాక్టర్ ముందు పెట్టి, ఏ1సీ ఎంతకు దిగితే మోతాదు తగ్గిస్తారో నేరుగా అడగండి.