చెక్కుబంది లేని కథ

కందుకూరు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. ముసలి తల్లి సాక్ష్యం చెబుతూ చెబుతూ కొడుకు చొక్కా రంగు దగ్గర ఆగిపోయే చోటు బాగుంది. పదకొండో పేజీకి వచ్చేసరికి మాత్రం నాకు కోపం వచ్చింది. నెల్లూరు నుంచి హేగ్ దాకా వెళ్లిన నీ చరిత్రకారిణికి ఒక ట్రంకు పెట్టెలో "అందరినీ చంపండి" అన్న ఉత్తర్వు సేనాని సంతకంతో సహా దొరకడం, అది చదివి న్యాయమూర్తి కళ్లనీళ్లు పెట్టుకోవడం, ఉరిశిక్ష వేయడం, అన్నీ ఒక్క పేజీలో అయిపోయాయి. యుగోస్లావియా యుద్ధ నేరాల విచారణకు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1993లో హేగ్‌లో ఏర్పాటు చేసిన ఆ ట్రిబ్యునల్‌కు ఉరిశిక్ష వేసే అధికారమే ఉండేది కాదు. యావజ్జీవమే దాని పెద్ద శిక్ష. ఆ తప్పు దిద్దుకోవచ్చు. నన్ను బాధపెట్టింది ఆ ట్రంకు పెట్టె.

బోస్నియా సెర్బుల సేనాని రాట్కో మ్లాదిచ్ నోటు పుస్తకాలు 2010లో బెల్‌గ్రేడ్‌లో ఆయన కుటుంబం ఇంట్లో దొరికిన మాట నిజమే. అవి కూడా ఎవరితో సమావేశమయ్యాడో, ఎవరేమన్నారో రాసుకున్న రోజువారీ నమోదులు. 1995 జూలైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో సెర్బు సైన్యం సుమారు 8,000 మంది మగవాళ్లను, మగపిల్లలను చంపిన కేసుల్లో నిలిచిన కాగితాల్లో ఒకటి ఏమిటో తెలుసా? డీజిల్ లెక్క. జూలై 16న పోపోవిచ్ అనే సెర్బు సైనికాధికారికి 500 లీటర్లు కావాలనీ, రాకపోతే ఆయన చేయిస్తున్న పని ఆగిపోతుందనీ రేడియోలో మాట్లాడుకున్నారు. బోస్నియా సైన్యం మనుషులు ఆ మాటలను చాటుగా విని నోటు పుస్తకాల్లో చేత్తో రాసుకున్నారు. సెర్బు సైన్యంలోని జ్వోర్నిక్ బ్రిగేడ్ ఇంధనం పద్దులోనూ అదే తేదీన, అదే పేరు మీద, అవే 500 లీటర్లు కనిపించాయి. ఆ రోజే బ్రాన్యెవో పొలంలో వందలాది బందీలను కాల్చి చంపారు. రెండు కాగితాల్లో ఎక్కడా చంపడమన్న మాట లేదు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి, తేదీకి తేదీ సరిచూసినవాళ్ల కష్టమే అక్కడ రుజువైంది, నీ కథలో లేనిదీ ఆ కష్టమే.

మా నాన్న ఇక్కడి రిజిస్ట్రారు ఆఫీసు ముందు వేపచెట్టు కింద కూర్చునే దస్తావేజు లేఖరి. తూర్పున ఎవరి పొలం, దక్షిణాన ఏ డొంక, పడమర ఏ కాలువ, ఉత్తరాన ఎవరి దొడ్డి అని చెక్కుబంది రాసి, సాక్షుల చేత వేలిముద్రలు వేయించేదాకా ఆయన పెన్ను కింద పెట్టేవాడు కాదు. హద్దులు లేని దస్తావేజు కోర్టులో నిలవదనేవాడు. దౌర్జన్యం గురించి రాసే కథకూ అదే వర్తిస్తుందని నేను నమ్ముతాను, ఈ విషయంలో ఎవరు వాదించినా వినను.

ఈ నమ్మకం నాకు ఊరికే రాలేదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపిన తరవాత, ఊరు విడిచి చీరాల చేరినవాళ్ల దగ్గరికి నేనూ వెళ్లాను. ఒక ముసలావిడ ఆ పొద్దున తన ఇంట్లో ఏం జరిగిందో చెప్పింది. పొయ్యి మీద ఎసరు మరుగుతోందనీ, బియ్యం ఇంకా పోయలేదనీ, అంతలో కేకలు వినిపించాయనీ చెప్పింది. నేను దాన్ని కథగా రాస్తూ నెత్తుటి ఆకాశాలు, కన్నీటి సముద్రాలు కలిపాను. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ సముద్రాలను అలాగే ఉంచి, ఎసరును, తేదీని, ఊరిపేరును కొట్టేసి, "ఇప్పుడిది అందరి కథ అయింది" అని రాశాడు. ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. అచ్చయిన కథను తీసుకువెళ్లి ఆవిడకు చదివి వినిపిస్తే, "నేనట్టా అనలేదు గదయ్యా. ఎసరు పెట్టుండానని గదా చెప్పింది" అంది. ఆ సంపాదకుడిని నేటికీ క్షమించలేదు. అచ్చు కోసం ఒప్పుకున్న నన్ను నేనూ క్షమించుకోలేదు. ఊరిపేరు తీసేస్తే కథ విశ్వజనీనమవుతుందన్న ఫ్యాషన్ ఇంకా పోలేదు, నీ కథలోనూ ఆ ఛాయ ఉంది.

ఆలిసన్ దె ఫోర్జ్ గురించి చదువు. రువాండా చరిత్ర మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఆమె, 1994 నరమేధం తరవాత స్థానిక పాలనా కార్యాలయాల కాగితాలను, సాక్షుల మాటలను కలిపి సుమారు 800 పేజీల నివేదిక 1999లో వెలువరించింది, ఆ నరమేధాన్ని విచారించిన అరుషా ట్రిబ్యునల్‌లో 11 విచారణల్లో నిపుణురాలిగా సాక్ష్యం చెప్పింది. అమెరికన్ చరిత్రకారుడు రాబర్ట్ డోనియా బోస్నియా సెర్బుల శాసనసభ చర్చల ప్రతులను చదివాడు. 1992 మే 12న ఆ సభలో సెర్బుల నాయకుడు కరాజిచ్ ప్రకటించిన ఆరు లక్ష్యాల్లో మొదటిదే మిగతా రెండు జాతుల నుంచి, అంటే బోస్నియా ముస్లిములు, క్రొయాట్ల నుంచి విడిపోవడం. ఇది దాచిన రహస్యం కాదు, నిండు సభలో చెప్పిన మాట. అలాంటి ప్రతులను వరసగా చదివే నీ చరిత్రకారిణి మెడనొప్పి, అనువాదంలో ఒక్క క్రియాపదం దగ్గర ఆమె పడే అనుమానం, నిందితుడి వకీలు అడ్డు ప్రశ్నలు వేస్తుంటే తనకు తెలియనిది తెలియదని ఒప్పుకునే క్షణం, ఇవి రాయి.

చరిత్రకారులు బోనెక్కడం సబబేనా అని అడిగావు. నాజీల ఆక్రమణ కాలంలో యూదులను శిబిరాలకు పంపడంలో పాలుపంచుకున్న ఫ్రెంచి అధికారి పాపోఁ విచారణలో ఆఁరీ రూసో అనే ఫ్రెంచి చరిత్రకారుడు సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకోలేదు, అమెరికా నుంచి వచ్చిన రాబర్ట్ పాక్స్‌టన్ చెప్పాడు. నీ చరిత్రకారిణి మాత్రం ఎక్కాలనే నా కోరిక.

కథ ప్రతి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. పదకొండో పేజీ మొత్తం పెన్సిలుతో కొట్టేశాను. ఆ తల్లి చొక్కా రంగు దగ్గర ఆగిపోయిన చోట, నీ చరిత్రకారిణి తన పుస్తకంలో ఏం రాసుకుందో నువ్వు చెప్పలేదు. అక్కడి నుంచి మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న వంటివాడు