డీటీపీ నేర్చుకుంటున్న అమ్మాయిని మాన్పించాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ పాసై, నల్లగొండలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ, అంటే కంప్యూటర్ మీద పేజీలు కూర్చి అచ్చుకు సిద్ధం చేసే పని, నేర్చుకుంటోంది. తెలుగు టైపింగ్ బాగా వేగంగా చేస్తుంది. ఫోన్లోనే అన్నీ తయారవుతున్న రోజుల్లో ఈ పనికి భవిష్యత్తు ఉంటుందా అని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. మాన్పించి డిగ్రీలో వేయమని కొందరు, ఊళ్లోనే ఒక షాపు పెట్టించమని ఇంకొందరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మాన్పించకండి. షాపు మాత్రం ఇప్పుడే వద్దు.

టైపింగ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే మీ భయం నిజమవుతుంది. నోటితో చెబితే తెలుగులో రాసిపెట్టే సౌకర్యం ఇవాళ చాలా ఫోన్లలో ఉంది. కాబట్టి టైపు చేసినందుకు మాత్రమే డబ్బిచ్చేవాళ్లు తగ్గిపోతారు. కానీ పెండ్లి పత్రిక, బడి మ్యాగజైను, బిల్లు బుక్కు, మిర్యాలగూడ మిల్లుల బియ్యం సంచి మీది బ్రాండు డిజైను అచ్చులో తప్పు లేకుండా రావాలంటే ఫైలు తయారుచేసిన మనిషికి మిషన్ మీద ఏం జరుగుతుందో తెలిసుండాలి. స్క్రీన్ మీద బాగుండి అచ్చులో పాడైన పని కాగితం ఖర్చుతో సహా నష్టమే. ఆ నష్టం రాకుండా చూసుకోగల మనిషిని ఏ ప్రెస్సు ఓనరూ వదులుకోడు. మీ అమ్మాయి అక్కడికి చేరాలి.

ముందు ఫాంట్ల సంగతి. తెలుగు రాష్ట్రాల ప్రెస్సుల్లో చాలావరకు ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్ల (అక్షర రూపాల) మీదే పని నడుస్తుంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లోనో, డిజైన్లు గీసే కోరల్‌డ్రాలోనో అను పెట్టుకుని కొట్టడం మీ అమ్మాయికి ఇప్పటికే వచ్చి ఉంటుంది. అది తప్పకుండా ఉండాలి. పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, రేపు కరెక్షన్లకు అవే తిరిగొస్తాయి. అయితే అనులో మనం కొట్టిన తెలుగు కంప్యూటర్ లోపల ఇంగ్లిష్ అక్షరాల సంకేతాల్లోనే ఉంటుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనబడేది అందుకే. యూనికోడ్ అనే అంతర్జాతీయ పద్ధతి అలా కాదు. తెలుగు అక్షరాలకు అందులో సొంత సంకేతాలున్నాయి. ఫోన్లో, వెబ్‌సైట్లో, ఎక్కడ తెరిచినా అది తెలుగుగానే కనబడుతుంది. ఒకే వ్యాసం పుస్తకంలోనూ ఫోన్లోనూ రావాలని అడిగేవాళ్లు పెరుగుతున్నారు కాబట్టి రెండూ తెలిసిన మనిషికే విలువ. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లున్నాయి. కానీ మార్చాక ఒత్తులు, అంకెలు, విరామచిహ్నాలు అక్కడక్కడా చెడతాయి, అక్షరం అక్షరం చదివి సరిదిద్దాల్సిందే. ఇది ఓపికతో కూడిన పని. టైపింగ్ తగ్గినా ఈ దిద్దుబాటు పని తగ్గదని నా నమ్మకం.

యూనికోడ్ మొదలుపెట్టగానే పిల్లలు ఒకచోట బెదిరిపోతారు. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పేస్ట్ చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఫాంటు చెడిపోయిందనుకుని మళ్లీ అనుకే వెళ్లిపోతారు. అక్కడ మార్చాల్సింది పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో ఉండే కంపోజర్, అంటే అక్షరాలను వరుసగా పేర్చే పద్ధతి. వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటే ఒత్తులు వాటి చోటికి వచ్చేస్తాయి. ఇంకో చిన్న విషయం. ‘సాఫ్ట్‌వేర్’ అని కొట్టబోతే ‘సాఫ్ట్వేర్’ అని అతుక్కుపోతుంది. పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక విభజన గుర్తు వేస్తేనే అది విడిగా నిలుస్తుంది. ఏ కీబోర్డులో ఆ గుర్తు ఏ మీట మీద ఉందో తెలుసుకోమనండి. కీబోర్డు విషయానికొస్తే, అనులో ఆపిల్ లేఅవుట్ (ఏ మీటకు ఏ అక్షరమో చెప్పే అమరిక) అలవాటైతే దాన్ని మార్చనక్కర్లేదు. దాంతోపాటు విండోస్‌లోనే ఉండే ఇన్‌స్క్రిప్ట్ అమరిక కూడా నేర్చుకుంటే విండోస్ ఉన్న ఏ కంప్యూటర్ దగ్గర కూర్చున్నా విడిగా ఏమీ కొనకుండా తెలుగు కొట్టగలదు.

యూనికోడ్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. మన పాలమూరు గడ్డ మీద పుట్టిన రచయిత, పత్రికా సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరుతోనూ ఒకటి ఉంది. అది శీర్షికలకు బాగుంటుంది, పుస్తకం లోపలి మాటకు కాదు. లోపలి మాటకు అక్షరం కడుపు, అంటే లోపలి ఖాళీ, తెరుచుకుని ఉన్న ఫాంటు కావాలి. చిన్న సైజులో బోల్డ్ చేస్తే తెలుగు అక్షరాల సున్నాలు సిరాతో పూడుకుపోతాయి. వరుసల మధ్య దూరం కూడా ఇంగ్లిష్ లెక్కన పెట్టకూడదు. మనకు పైన గుడులు, కింద ఒత్తులు. 12 పాయింట్ల అక్షరానికి 16 నుంచి 18 పాయింట్ల దాకా వరుస దూరం ఇస్తేనే ‘స్త్రీ’ లాంటి అక్షరం కింది వరుసను తాకకుండా ఉంటుంది. పేజీలు తగ్గించమని కస్టమర్ ఒత్తిడి చేసినప్పుడు చాలామంది ముందుగా ఈ దూరమే కోస్తారు. మార్జిన్ తగ్గించవచ్చు, సైజు అర పాయింటు తగ్గించవచ్చు, దీన్ని మాత్రం ముట్టుకోవద్దని మీ అమ్మాయికి చెప్పండి.

ఇక అచ్చు. ఫొటో 3 అంగుళాల వెడల్పున రావాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల) లెక్కన 900 పిక్సెళ్లుండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి వస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి. స్క్రీన్ ఆర్‌జీబీలో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల్లో) వెలుగుతుంది, ఆఫ్‌సెట్ అచ్చు మిషన్ సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు) సిరాలతో అచ్చేస్తుంది. అందుకే మానిటర్ మీద మెరిసే ఆకుపచ్చ రంగు కాగితం మీద డల్‌గా దిగుతుంది, కస్టమర్‌కు ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. నల్ల అక్షరాలు ఒక్క నలుపు ప్లేటు (ఒక్కో రంగుకు ఒకటిగా మిషన్‌లో బిగించే అచ్చు రేకు) మీదే ఉండాలి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే ప్లేట్లు కొద్దిగా కదిలినా అక్షరం చుట్టూ రంగు నీడలు వస్తాయి. కాగితం అంచుదాకా రంగుండే పనికి చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి, లేకపోతే కటింగ్‌లో తెల్ల గీత మిగులుతుంది. మధ్య మడతలో పిన్ను కొట్టే (సెంటర్ పిన్) పుస్తకం పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. యాభై పేజీల మ్యాటర్ తెస్తే యాభై రెండు చేయాలి. ఆ మిగిలిన రెండు పేజీల్లో ఏం వేయాలో సెట్టింగ్ మొదలుపెట్టక ముందే అడిగే ఆపరేటర్‌కు మరుసటి ఏడాదీ అదే బడి నుంచి పని వస్తుంది. ప్లేటుకు వెళ్లే ముందు ఫాంట్లు లోపల ఉన్న పీడీఎఫ్ చేయాలి, కోరల్‌డ్రా అయితే అక్షరాలను కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మలుగా, మార్చాలి. కర్వ్స్ చేయని అసలు ఫైలు విడిగా దాచుకోకపోతే తర్వాత ఒక్క అక్షరం కూడా దిద్దలేరు.

ఎన్నికల కరపత్రాల సంగతి తెలియక ఇబ్బంది పడేవాళ్లున్నారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 127ఏ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం, పోస్టరు మీద ముద్రించినవారి పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా తప్పనిసరిగా ఉండాలి. తప్పితే ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఎవరు ఎంత తొందరపెట్టినా ఆ వరుస లేకుండా డిజైన్ ఇవ్వకూడదు.

ప్రెస్సులో ఏ సాఫ్ట్‌వేర్లు నేర్పుతున్నారో కూడా అడిగి చూడండి. పేజ్‌మేకర్‌కు అడోబీ కంపెనీ 2001లో వచ్చిన 7.0 తర్వాత కొత్త వెర్షన్ తేలేదు. అది మాత్రమే నేర్పే చోట ఎక్కువ కాలం ఉండటం దండగ. ఇన్‌డిజైన్ కొనడం మీకు భారమైతే దొంగ కాపీలు వేసుకోకుండా పేజీలు కూర్చే స్క్రైబస్, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దించుకుని ఇంట్లో సాధన చేయించండి. స్క్రైబస్ కొత్త వెర్షన్లలో తెలుగు ఒత్తులు సరిగ్గా వస్తాయి.

చదువు ఆపాల్సిన పనీ లేదు. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేస్తూ ప్రెస్సు పని కొనసాగించవచ్చు. సర్టిఫికెట్ కావాలనుకుంటే ఐటీఐలో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్ అనే ఏడాది ట్రేడ్ ఉంది, పదో తరగతి అర్హత చాలు. మీ దగ్గరి ఐటీఐలో ఆ ట్రేడ్ నడుస్తోందా అని అడగండి. ముద్రణనే వృత్తిగా తీసుకుంటే సికింద్రాబాద్‌లోని ప్రభుత్వ ప్రింటింగ్ టెక్నాలజీ సంస్థలో పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ద్వారా మూడేళ్ల డిప్లొమా ఉంది. బొమ్మలేసే చేయి ఉన్న పిల్లయితే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో (జేఎన్ఏఎఫ్ఏయూ) బీఎఫ్ఏ అప్లైడ్ ఆర్ట్ అనే కళల డిగ్రీ చూడండి, దానికి వేరే ప్రవేశ పరీక్ష ఉంటుంది. మీ ఇంటి పరిస్థితికి డిగ్రీ, ప్రెస్సు రెండూ కలిపి నడపడమే మేలని నాకనిపిస్తోంది.

నల్లగొండకు ఈ పని కొత్త కాదు. 1922లోనే షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు ఇక్కడి నుంచి నీలగిరి పత్రిక నడిపారు. జిల్లాలో చదివేవాళ్లు, రాసేవాళ్లు ఉన్నంతకాలం పుస్తకం పనీ ఉంటుంది. సొంతంగా కథలు, కవిత్వం అచ్చేసుకునే టీచర్లు మీ చుట్టుపక్కలే ఉంటారు. వాళ్లలో ఒకరి పుస్తకం మొదటి పేజీ నుంచి అట్ట దాకా మీ అమ్మాయి చేతుల మీదుగా వస్తే, అదే ఆమెకు రేపు చూపించుకోవడానికి పనికొచ్చే ఆధారం.

షాపు మాట ఒక పెండ్లిళ్ల సీజను, ఒక అడ్మిషన్ల సీజను ప్రెస్సులో పూర్తిగా పనిచేశాక ఆలోచించండి. ఏ పనికి ఎంత కాగితం పోతుంది, ఎవరు బాకీ పెడతారు, కరెక్షన్లకు ఎంత టైము పోతుంది అన్నవి ఆమెకు తెలియకుండా పెట్టుబడి పెట్టొద్దు. ఈలోగా మీరే ఒకసారి నల్లగొండ వెళ్లి ఆ ప్రెస్సు ఓనరు గారిని కలవండి. అమ్మాయిని కంప్యూటర్ దగ్గరే కూర్చోబెట్టకుండా ప్లేటు దగ్గరికి, మిషన్ దగ్గరికి, కటింగ్ దగ్గరికి కూడా పంపుతారా అని అడగండి. సరేనంటే అక్కడే ఉంచండి. అదంతా ఆడపిల్లకెందుకు, టైపు చేస్తే చాలు అన్నారంటే ఇంకో ప్రెస్సు చూడండి.