జిరాక్స్ షాపు భయం, ప్రిన్సిపాల్ గారి పది శాతం

ప్రశ్న: హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్‌ని, ఎకనామిక్స్ చెప్తాను. మేం వాడే విదేశీ పుస్తకం కొనే స్తోమత మా పిల్లలకు లేదు. అందులో రెండు చాప్టర్లు కాలేజీ ఎదురు జిరాక్స్ షాపులో ఇచ్చి, తీసుకొమ్మని చెప్తుంటాను. ఈసారి షాపతను "కేసయితదట మేడం, నేను కొట్ట" అన్నాడు. ప్రిన్సిపాల్ గారేమో "పది శాతం దాకా ఫెయిర్ యూజే" అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: మేడం, ఆ పది శాతం మన చట్టంలో ఎక్కడా లేదు. ఫెయిర్ యూజ్ అంటే అనుమతి అడక్కుండా కొంత వాడుకోనిచ్చే మినహాయింపు, అది అమెరికా మాట. అక్కడి 1976 చట్టం 107వ సెక్షన్‌లో కూడా శాతాల లెక్క కనబడదు. మనకున్నది 1957 కాపీరైట్ చట్టం, అందులో 52వ సెక్షన్. బోధనలో భాగంగా టీచరు గానీ విద్యార్థి గానీ ప్రతి తీసుకుంటే ఉల్లంఘన కాదంటుంది.

"బోధనలో భాగంగా" అంటే ఎంతవరకు? ఢిల్లీలో నాలుగేళ్లు కొట్లాడింది దీని మీదే. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో దావా వేశాయి. బోధనంటే క్లాసులో చెప్పే ఆ గంటేనని వాళ్ల వాదన. సిలబస్ వేసుకోవడం, ముందే చదివి రమ్మనడం కూడా బోధనేనని 2016 సెప్టెంబరులో హైకోర్టు తేల్చింది. డిసెంబరులో అప్పీలు విన్న ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచ్ కూడా అదే దారిలో నడిచి, ఒక షరతు పెట్టింది: పాఠానికి ఎంత అవసరమో అంత. ఇన్ని పేజీలని గీత గీయలేదు. మరుసటేడు ప్రచురణకర్తలే దావా వదులుకున్నారు.

నేను కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఏ. చదివేటప్పుడు రిఫరెన్స్ పుస్తకాలు లైబ్రరీ దాటనిచ్చేవారు కాదు. కార్బన్ పేపర్లు పెట్టి వంతులవారీగా రాసుకునేవాళ్లం. మూడో కాపీ వంతుకొచ్చినవాడికి సగం అక్షరాలు ఊహే. ఆ రాత తప్పు కానప్పుడు, అదే పని మిషన్ చేస్తే తప్పెలా అవుతుంది? ఢిల్లీ తీర్పులోనూ ఇదే తర్కం. అది మన హైకోర్టును కట్టెయ్యదు గానీ, మీకు గట్టి ఆసరానే.

షాపతని భయం ఉత్తదేం కాదు. పుస్తకం మొత్తం స్పైరల్ బైండింగ్ చేయించి, అరలో పేర్చి, వచ్చినవాళ్లందరికీ అమ్మితే 52 అతన్ని కాయదు. పుస్తకం పీడీఎఫ్ మొత్తంగా వాట్సాప్ గ్రూపులో పెట్టడమూ అంతే, ఆ పని చేయకండి.

మీ రెండు చాప్టర్లు సిలబస్‌లో ఉన్నవే కదా? అయితే ఒక చీటీ రాసివ్వండి: సబ్జెక్టు, సెమిస్టరు, ఫలానా పేజీ నుంచి ఫలానా పేజీ దాకా, ఎంతమంది పిల్లలు, కింద మీ సంతకం. అతను మామూలు జిరాక్స్ రేటే తీసుకోవాలి, మిగిలిన సెట్లు అమ్మకూడదు. మా నయీంనగర్ షాపతను ఇలాంటి చీటీలన్నీ గోడ మేకుకు గుచ్చి పెట్టుకుంటాడు. ఇప్పటికది అరచేతి మందం అయింది.