పెట్టె పెట్టాం, చీటీలు పడటం లేదు

ప్రశ్న: నమస్తే సార్. జీడిమెట్లలో మాకు చిన్న యూనిట్ ఉంది. మందుల కంపెనీలకు అట్టపెట్టెలు తయారుచేస్తాం. 60 మంది పనిచేస్తారు, పేస్టింగ్‌లో ఎక్కువగా ఆడవాళ్ళే. వేస్టేజి తగ్గించే ఆలోచనలుంటే రాసి వేయమని క్యాంటీన్ దగ్గర సూచనల పెట్టె పెట్టాం. మంచి సూచనకు వెయ్యి రూపాయల బహుమతి అని నోటీసు కూడా అంటించాం. మూడు నెలల్లో పడినవి నాలుగే చీటీలు. రెండింట్లో టీ చల్లారిపోతోందని, ఒకదాంట్లో పేస్టింగ్ దగ్గర ఫ్యాను తిరగడం లేదని రాశారు. నాలుగోది సూపర్‌వైజర్ మీద ఫిర్యాదు. "వీళ్ళకి జీతం తప్ప ఇంకేమీ పట్టదు, ఆ పెట్టె తీసేయ్" అంటున్నారు మావారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తీసేయకండమ్మా. ముందు ఆ నాలుగు చీటీలకూ జవాబు చెప్పారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు.

టీ సంగతి రాసినవాళ్ళకు తెలివి లేక అలా రాయలేదు. టీ గురించి చెబితే కదలనివాళ్ళు అట్టను కోసే అచ్చు (డై) గురించి చెబితే కదులుతారా అని చూస్తున్నారు. కార్ఖానాలో పనిచేసేవాళ్ళు యాజమాన్యాన్ని ఇలాగే కొలుస్తారు. రేపే టీ ఫ్లాస్కుల్లో తెప్పించండి. ఫ్యాను చీటీని మాత్రం ఇంకోసారి చదవండి. ఉక్కపోతలో చెమట చేతులతో పట్టుకుంటే ప్రింటు మీద మరకలు పడవా? అలా రిజెక్టయ్యే పెట్టెలు రోజుకెన్నో పేస్టింగ్ టేబుల్ దగ్గరికి మీరే వెళ్ళి అడగండి. మీరు అడిగిన వేస్టేజి సూచన బహుశా అదేనేమో!

సూపర్‌వైజర్ మీద వచ్చిన చీటీని ఎవరికీ చూపించకండి. ఆ రాత ఎవరిదని ఆరా తీయకండి. విషయం మీరే విడిగా కనుక్కోండి. రాసినమ్మాయి ఫలానా అని ఒక్కసారి బయటపడిందంటే ఆ పెట్టెలో ఇంక చీటీ పడదు.

నేను ఒక పెద్ద కర్మాగారంలో మెషిన్ షాపులో పనిచేసి, తర్వాత ట్రైనింగ్ విభాగానికి మారాను. డ్రిల్లింగ్ సెక్షన్‌లో ఒక హెల్పర్ ఉండేవాడు. షిఫ్టు మారినప్పుడల్లా డ్రిల్ బిట్ల కోసం అందరూ వెతుక్కోవడం చూసి, సైజువారీగా గాడులున్న చెక్క ట్రే ఉంటే బాగుంటుందని చెప్పాడు. ఆఫీసువాళ్ళు మెచ్చుకున్నారు. ఇంజనీరు డ్రాయింగ్ గీశాడు, కార్పెంటర్ చేసిచ్చాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, కానీ ఎవరూ వాడలేదు. గాడులు లోతుగా ఉండటంతో గ్లవ్స్ వేసుకున్న చేతికి బిట్ అందేది కాదు. అప్పుడు మా ఫోర్‌మన్ చెక్క ముక్కలు ఆ హెల్పర్‌కే ఇచ్చి, "నువ్వే చెయ్యి, ఈ పూట నీకు వేరే పని లేదు" అన్నాడు. అతను ఒకటి చేసి, దాన్ని పాడుచేసి, మళ్ళీ చేశాడు. ఆ ట్రే అన్ని మెషిన్ల దగ్గరికీ పాకింది. అప్పటిదాకా నోరు విప్పని ఆ మనిషి తర్వాత ప్రతి మీటింగులోనూ ముందు వరసలో కూర్చునేవాడు.

కాబట్టి నా సలహా ఒక్కటే. ఆలోచన చెప్పినవాళ్ళకే దాన్ని చేసి చూసే అవకాశం ఇవ్వండి. వాళ్ళ చేతిలోంచి లాక్కుని మీరు బాగుచేయకండి.

ఇది కొత్త సంగతేమీ కాదు. జపాన్‌లో 1962లో క్వాలిటీ సర్కిళ్ళు మొదలయ్యాయి. ఒకే సెక్షన్‌లో పనిచేసే కొద్దిమంది ఇష్టపడి ఒక జట్టుగా చేరతారు. తమ పనిలో తమకు కనబడే సమస్యను తామే ఎంచుకుని, కారణం వెతికి, పరిష్కారం చేసి చూసి, పైవాళ్ళ ముందు తామే వివరిస్తారు. మన దేశంలో అది మొదట వేళ్ళూనుకున్నది మీకు దగ్గర్లోనే, రామచంద్రాపురం భెల్‌లో, 1980ల మొదట్లో. 1982లో ఏర్పడిన క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం కూడా సికింద్రాబాద్‌లోనే ఉంది. ఐటీఐ చదివిన టర్నర్ జనరల్ మేనేజర్ ముందు నిలబడి చార్టు చూపిస్తూ మాట్లాడటం నేను కళ్ళారా చూశాను. ఏ బహుమతికీ రాని వెలుగు ఆ ముఖంలో ఉంటుంది.

బహుమతి సంగతికొస్తే, నాకు వెయ్యి రూపాయల మీద కోపం లేదు, దాన్ని ఎరగా పెట్టడం మీదే అభ్యంతరం. 1973లో అమెరికాలో మార్క్ లెపర్, ఆయన సహచరులు నర్సరీ పిల్లల మీద చేసిన ప్రయోగం ఒకటి అచ్చయింది. ఆ పిల్లలకు స్కెచ్ పెన్నులతో బొమ్మలేయడమంటే ముందునుంచీ ఇష్టమే. బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని కొందరితో ముందే చెప్పి, అన్నట్టే ఇచ్చారు. కొన్ని రోజుల తర్వాత ఏ బహుమతీ లేకుండా పెన్నులు బల్లమీద పెట్టి చూస్తే, ఆ పిల్లలు వాటితో గడిపిన సమయం మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగమే. పెద్దవాళ్ళూ అచ్చం ఇంతే అనను. జీతం సరిగా లేనిచోట ఇలాంటి ప్రయోగాలు చూపించి డబ్బు ఎగ్గొట్టడం అన్యాయం కూడా. మీరు మాత్రం ఆ వెయ్యిని గెలిచినవాళ్ళకు కాకుండా, చేసి చూస్తామని ముందుకొచ్చినవాళ్ళకు సామాను ఖర్చుకి ఇవ్వండి. ప్రయత్నం ఫలించకపోయినా వెనక్కి అడగకండి. ఏడాది చివర లాభం తేలితే అందరికీ పంచండి.

ఇంకో రెండు ముఖ్యమైన విషయాలున్నాయి. పేస్టింగ్‌వాళ్ళకు పీస్ రేటా? అయితే వాళ్ళు ఆలోచిస్తూ నిలబడిన ప్రతి నిమిషమూ వాళ్ళ కూలిలోంచి పోతుంది. వారానికి ఒక గంట కూర్చోబెట్టండి, ఆ గంటకు కూలి కట్టివ్వండి. రెండోది, పని సులువైతే మనిషిని తగ్గిస్తారేమో అన్న భయం. దాన్ని ఎవరూ చీటీ మీద రాయరు. ఏ సూచన వల్లా ఎవరి ఉద్యోగమూ పోదని మీవారి నోటితోనే అందరి ముందూ చెప్పించండి. ఆ మాట నిలబెట్టుకోలేమనుకుంటే మాత్రం సూచనలు అడగకండి.

ప్రశ్న: నేను విశాఖలో ఒక పంపుల కంపెనీలో డిజైన్ ఇంజనీరుని. పంపు లీకు కాకుండా ఆపే సీలింగ్ గురించి నేను చెప్పిన ఐడియాని మా మేనేజర్ రివ్యూలో తనదిగా చెప్పుకున్నారు. ఇప్పుడు పేటెంట్ వేస్తున్నారట. అప్పటినుంచి పని మీద మనసు పోవట్లేదు. ఉద్యోగం మారనా?
- ఒక పాఠకుడు

జవాబు: బాబూ, మారే ముందు ఒక పని చెయ్యి. 1970 నాటి పేటెంట్ చట్టంలో 28వ సెక్షన్ చదువు. పేటెంట్ హక్కు కంపెనీదే కావచ్చు. కానీ ఆవిష్కర్తగా తన పేరు పేటెంట్‌లో ఉండాలని కోరే దారి ఆ సెక్షన్‌లో ఉంది. దానికి గడువులుంటాయి కాబట్టి ఆలస్యం చేయకు. నీ నోట్సు, స్కెచ్‌లు, మెయిళ్ళు తేదీలవారీగా సర్దుకో.

తర్వాత మేనేజర్‌ని ఒంటరిగా కలువు. "సార్, సీలింగ్ ఐడియా ఫలానా తేదీన నేను మీకు పంపాను. ఆవిష్కర్తల్లో నా పేరు చేర్చండి" అని ఇంతే అను. పాత కోపాలు తవ్వకు. కొందరు నిజంగానే మర్చిపోయి ఉంటారు, వెంటనే చేరుస్తారు. ఆయన దాటవేస్తే అదే మాట రాతపూర్వకంగా పేటెంట్ పనులు చూసే విభాగానికి పంపు. వాళ్ళు కూడా పట్టించుకోకపోతే ఒక పేటెంట్ ఏజెంటును కలువు. అక్కడా పని జరగకపోతే అప్పుడు రెజ్యూమె బయటికి తియ్యి.